అటక మీది జంతుశాస్త్రం

పుట్టపర్తి,
7 డిసెంబరు 2025, ఆదివారం

ఏమే,

నువ్వు పంపిన వాయిస్ మెసేజ్ మూడుసార్లు విన్నా. జవాబు కూడా మాటల్లోనే చెబుదామని ఫోన్ పట్టుకున్న ప్రతిసారీ అమ్మన్నా పిలిచేది, కుక్కరన్నా కూసేది. అందుకని తలుపేసుకుని కూర్చుని రాస్తున్నా. హాస్టల్లో వార్డెన్ కంటపడకుండా నోట్సులో దాచి పంపుకున్న చీటీల తర్వాత నీకు నేను రాస్తున్న మొదటి ఉత్తరం ఇదే.

మీ అమ్మ చెప్పింది నిజమే. బెంగళూరు ఉద్యోగం మానేశాను. నీట్ రాసి ఎంబీబీఎస్‌కు పోదామని కూర్చున్నా. "పిచ్చి పట్టిందా?" అన్నావు. ఆ వెంటనే, "అంత పట్టుదలుంటే అమెరికా రా, ఇక్కడ ఎవరైనా డిగ్రీ అయ్యాకే మెడిసిన్ చదివేది" అన్నావు. రెండింటికీ జవాబు చెబుతా. చివర్లో నిన్నొకటి అడగాలి. అది చదవకుండా మడిచి పెట్టేయొద్దు.

మన ఊళ్ళో సత్యసాయి శతజయంతికి వచ్చిన జనం వెళ్ళిపోయారు. పోయిన నెల కాలు పెట్టను సందు లేని వీధుల్లో ఇప్పుడు ఆవులు పడుకుంటున్నాయి. శెనక్కాయ మాత్రం ఈసారీ మమ్మల్ని ముంచింది. విత్తనాల డబ్బు కూడా తిరిగిరాలేదు. నాయన దాని గురించి మాట్లాడడు. గట్టు మీద కూర్చుని చెట్లు పెరికి కాయలు లెక్కపెడతాడు, అంతే.

అసలు సంగతి నాయనతోనే మొదలైంది. రెండేళ్ళ కింద ఆయనకు మెట్లెక్కితే ఆయాసం, రాత్రి పడుకుంటే దగ్గు. ఆస్తమా అని ఊళ్ళో చాలా రోజులు మందు మింగాడు. చివరికి ప్రశాంతిగ్రామం పెద్దాసుపత్రికి తీసుకుపోతే, గుండెలో మైట్రల్ వాల్వు పాడైంది, మార్చాలన్నారు. 1991 నవంబరు 22న తెరిచిన ఆసుపత్రి అది. మనం పుట్టినప్పటి నుంచీ ఆ గోపురాలు చూస్తూనే ఉన్నాం, లోపల బిల్లు కట్టే కౌంటరే లేదని మాత్రం నాకు అప్పుడే తెలిసింది. ఆపరేషనుకు మాకు ఒక్క రూపాయి కాలేదు. బయట చెట్ల కింద బెంగాల్ నుంచి, ఒడిశా నుంచి వచ్చిన వాళ్ళు ఫైళ్ళు ఒళ్ళో పెట్టుకుని కూర్చునుంటారు. నాకు హిందీ వచ్చని తెలిసి ఇద్దరు ముగ్గురు తల్లులు కాగితాలు చూపించి, ఇందులో ఏం రాశారు అని అడిగారు. అక్షరాలు చదివాను. అర్థం చెప్పలేకపోయాను.

నాయన వాల్వు ఎందుకు పాడైందో డాక్టరమ్మ ఒక ప్రశ్నతో తేల్చేసింది. "చిన్నప్పుడు గొంతు నొప్పి, జ్వరం వచ్చి, కీళ్ళు వాచి మంచాన పడ్డాడా?" నాకేం తెలుసు? జేజినడిగితే, "పదేండ్లప్పుడు నెల రోజులు నడవలేదు మే, పసరు పోసినాం" అంది. కీళ్ళవాతపు జ్వరం అది. గొంతులో చేరిన స్ట్రెప్టోకాకస్ క్రిమి మీద ఒళ్ళు చేసే యుద్ధం పొరపాటున గుండె కవాటాల మీదికి మళ్ళుతుంది. జ్వరం తగ్గుతుంది, కీళ్ళ వాపు పోతుంది, కవాటం మీద మచ్చ మిగులుతుంది. అది ఏళ్ళ తరబడి గట్టిపడి, యాభై ఏళ్ళ మనిషిని మెట్ల మీద కూలేస్తుంది. గొంతు నొప్పప్పుడే పెన్సిలిన్ పడితే ఇదంతా ఆగుతుంది. జ్వరం ఒకసారి వచ్చాక కూడా మూడు నాలుగు వారాలకొక సూది ఏళ్ళపాటు వేయించుకుంటే అది మళ్ళీ రాకుండా, గుండె ఇంకా పాడవకుండా కాపాడొచ్చు. పసరు పోసిన రోజున మా ఊరికి అందేంత దూరంలో ఈ ముక్క తెలిసినవాళ్ళు ఒక్కరుంటే చాలు, ఇప్పుడు నాయన ఎదను కోయాల్సిన పని ఉండేది కాదు.

ఆపరేషను తర్వాత రక్తం పలచన చేసే మాత్ర మొదలుపెట్టారు. ఐఎన్ఆర్ అని పరీక్ష చేయిస్తూ ఉండాలి. ఆయనకు రెండున్నర నుంచి మూడున్నర లోపల ఉండాలన్నారు. తగ్గితే వాల్వు దగ్గర గడ్డ కడుతుంది, పెరిగితే ఎక్కడో రక్తం కారుతుంది. నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్ని కదే! తేదీ, మాత్ర మోతాదు, ఐఎన్ఆర్, ఆ వారం తిన్నవీ మింగినవీ అన్నీ ఎక్సెల్‌లో ఎక్కించాను. ఒక నెల హఠాత్తుగా అయిదు దాటింది. బగ్ ఎక్కడుందో వెతికినట్టే వెతికాను. మోకాళ్ళ నొప్పికని ఆయన నాకు చెప్పకుండా షాపులో మాత్రలు కొనుక్కుని నాలుగు రోజులు మింగాడు. ఆ షీటు చూసి డాక్టరమ్మ, "ఇది రాసిందెవరు? నువ్వు ఈ చదువు చదవాల్సిందమ్మా" అంది. ఆమె మామూలుగా అన్న మాట అది. నాకు మాత్రం రాత్రంతా నిద్ర పట్టలేదు.

సరే, చట్టం సంగతి. ముప్పై ఏళ్ళ బీటెక్‌ను ఎవరు రానిస్తారని నువ్వనుకున్నట్టే నేనూ అనుకున్నాను. వెతికితే తెలిసింది, తలుపు తెరిచే ఉంది. నీట్‌కు పై వయసు హద్దును 2022 మార్చిలోనే ఎత్తేశారు. అంతకు ముందు, 2020లోనే, హద్దు మీద కోర్టు తగవు నడుస్తుండగానే, స్టేట్ బ్యాంకులో రిటైరైన జయకిశోర్ ప్రధాన్ అనే ఒడిశా ఆయన 64 ఏళ్ళకు నీట్ పాసై బుర్లా మెడికల్ కాలేజీలో చేరాడు. నాకడ్డం వచ్చింది వయసు కాదు, మనం పదిహేనేళ్ళప్పుడు పెట్టిన సంతకం. మనల్ని ఇంటర్లో చేర్చిన రోజు గుర్తుందా? లెక్కల్లో మార్కులున్నాయని, ఎంపీసీ అయితే ఫీజు తగ్గిస్తామని ఆ కాలేజీ వాళ్ళంటే నాయన సరేనన్నాడు. నిన్ను బైపీసీ వరసలో నిలబెట్టారు. అయిదు నిమిషాల పని. ఈ ఏడాది నుంచి ఇంటర్ బోర్డు ఎంపీసీ పిల్లలకు జీవశాస్త్రం, బైపీసీ పిల్లలకు లెక్కలు అదనంగా తీసుకునే వీలు పెట్టింది. మనకా భాగ్యం లేదు.

ఇప్పుడు దానికీ దారుంది. ఇంటర్ అయిపోయాక అయినా సరే, గుర్తింపు ఉన్న బోర్డులో జీవశాస్త్రం అదనపు సబ్జెక్టుగా పాసైతే నీట్ రాయొచ్చని జాతీయ వైద్య కమిషన్ 2023 నవంబరు 22న నోటీసు ఇచ్చింది. మన ఆసుపత్రి తెరిచిన తేదీ చూడు, అదే రోజు! ఇది శకునమంటుంది అమ్మ. అందుకని ఎన్ఐఓఎస్‌లో ఒక్క బయాలజీకే కట్టాను. రాతపరీక్ష ఎనభై మార్కులు, ప్రాక్టికల్ ఇరవై. మొన్న స్టడీ సెంటర్లో నా పక్కన కూర్చున్న పిల్లాడు, "మేడమ్, మీరు ఇన్విజిలేటరా?" అని అడిగాడు.

ఇక నీ రెండో మాట. అమెరికాలో డిగ్రీ అయ్యాకే మెడిసిన్ అన్నావు, నిజమే. అక్కడ ఇంజినీరైనా, సంగీతం చదివినా, కావలసిన సైన్సు కోర్సులు పూర్తిచేసి ఎంక్యాట్ రాసి అడగొచ్చు. ఇంగ్లండులో కూడా లండన్ సెయింట్ జార్జెస్ వాళ్ళు 2000లో డిగ్రీ అయినవాళ్ళ కోసమే నాలుగేళ్ళ కోర్సు పెట్టారు. ఆ దేశాల్లో ఈ వయసులో వచ్చినవాణ్ణి చూసి ఎవరూ నవ్వరు. కానీ విదేశీ విద్యార్థిని తీసుకునే కాలేజీలు అక్కడ కొన్నే. ఆ ఫీజు కట్టాలంటే మా నాలుగెకరాలు నాలుగుసార్లు అమ్మాలి. నేను చూసుకోవాల్సిన రోగులేమో ఇక్కడున్నారు.

మన దగ్గర కూడా ఒకప్పుడు ఇది వింత కాదు తెలుసా? భోగరాజు పట్టాభి సీతారామయ్య మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో బీఏ చదివి, తర్వాత ఎం.బి.సి.ఎం. చేసి, బందరులో ప్రాక్టీసు పెట్టాడు. ఆ పైన 1923లో ఆంధ్రా బ్యాంకు పెట్టింది కూడా ఆ డాక్టరే. బీఏ చదివావు, వైద్యం నీకెందుకని ఆయన్ను ఎవరూ అడిగినట్టు లేదు. ఇప్పుడు నా బీటెక్‌కు నీట్‌లో అర మార్కు రాదు. ఏడేళ్ళ ఉద్యోగానికి సున్నా. పదిహేడేళ్ళ పిల్లతో కలిసి అదే కాగితం నింపాలి. మొదట్లో ఇది అన్యాయమనిపించింది. ఇప్పుడనిపించడం లేదు. ఆ పిల్ల కూడా ఏదో చేనుగట్టు నుంచే వచ్చుంటుంది కదా, ఆమె సీటు మీద నాకు ఎక్కువ హక్కేముంది?

నువ్వు ఎంసెట్ రాసినప్పుడు 160 ప్రశ్నలు, తప్పుకు కోత లేదు. తెలియకపోతే ఏదో ఒకటి గుర్తుపెట్టి వచ్చేదానివి. ఇప్పుడు నీట్‌లో 180 ప్రశ్నలు, 180 నిమిషాలు, 720 మార్కులు. తప్పు చేస్తే ఒక మార్కు పోతుంది. తొంభై ప్రశ్నలు బయాలజీవే. ఫిజిక్స్ నన్ను ఇంకా ఆదరిస్తోంది, పాత స్నేహం కదా. కెమిస్ట్రీ మొహం చాటేసింది. బయాలజీలో మాత్రం పదో తరగతి దాకా తెలుగులో చదివిన మనసు కిరణజన్య సంయోగక్రియ దగ్గరే ఆగిపోయి, ఇంగ్లీషు పేర్ల ముందు నోరు తెరుస్తోంది. ప్రశ్నపత్రం తెలుగులో కూడా ఇస్తారు. ఏది తీసుకోవాలో ఇంకా తేల్చుకోలేదు.

లెక్క కూడా చెప్పేస్తా, నువ్వెలాగూ అడుగుతావు. వచ్చే మేలో రాసేది ఊరికే చేయి తిరగడానికి. గట్టిగా రాసేది 2027లో. అప్పటికి నాకు 31. నాలుగున్నరేళ్ళ చదువు, ఏడాది హౌస్ సర్జన్సీ, బయటికి వచ్చేసరికి 37. మనది శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయ పరిధి, లోకల్ సీట్లలో పోటీ పడొచ్చు. కన్వీనర్ కోటాలో అనంతపురమో, కర్నూలో వస్తే సరి. పెనుకొండలో కట్టడం మొదలైన ప్రభుత్వ కాలేజీని ఇప్పుడు పీపీపీ కింద ప్రైవేటు భాగస్వామ్యంలో నడుపుతామంటున్నారు, దాన్ని నమ్ముకుని కూర్చోలేను. బి కేటగిరీ సీటు ఏడాదికి లక్షలు, ఆ వైపు తొంగి చూడను. దాచుకున్నదీ, పీఎఫ్ డబ్బూ కలిపి నాలుగేళ్ళు లాగుతాయి. ఆ తర్వాత పూట పనేదైనా చేసుకుంటా. రెండుసార్లు రాసి రాకపోతే ఆపేస్తాను. ఈ మాట నీ దగ్గర రాసిపెడుతున్నా, నేను మాట తప్పితే ఈ ఉత్తరం తీసి చూపించు.

"37కి ఎంబీబీఎస్, ఆపైన పీజీ, నలభై దాటాక పెళ్ళా?" అని అమ్మ ఏడుస్తోంది. పీజీ ఎందుకమ్మా అంటే ఆమెకు అర్థం కావడం లేదు. నీకైనా అర్థమవుతుందని చెబుతున్నా. వాల్వు మార్చే డాక్టర్లు ప్రశాంతిగ్రామంలో ఉన్నారు. గొంతు నొప్పితో వచ్చిన పదేళ్ళ పిల్లాడికి సూది వేసి, కీళ్ళ నొప్పి ఉందా అని అడిగి, మూడు వారాల తర్వాత వాడు రాకపోతే వాళ్ళ ఇంటికి పోయే డాక్టరు కావాలి. అందుకు ఎంబీబీఎస్ చాలు. పీహెచ్‌సీలో ఒక కుర్చీ, ఒక ఎక్సెల్ షీటు చాలు. టెస్టర్ పని అక్కడ పనికొస్తుంది.

ఇప్పుడు అడగాల్సింది అడుగుతా. దీనికే ఇంతసేపూ చుట్టూ తిరిగాను.

2013లో ఎంసెట్ ర్యాంకు వచ్చిన రోజు నువ్వు పుస్తకాలన్నీ మూటగట్టి అటకెక్కించావు. నన్ను కూడా ముట్టనివ్వలేదు. తర్వాత ఫార్మసీ, ఆపైన అమెరికా. ఇన్నేళ్ళలో మనం దాని మాట ఎత్తలేదు. నీకు రానిదాని కోసం నేను ఇప్పుడు బయలుదేరానని నీకు కష్టంగా ఉంటే, ఉండనీ. నా దగ్గర దాయొద్దు. వాయిస్ మెసేజ్‌లో నీ గొంతు రెండుసార్లు ఆగింది. నేను విన్నాను.

మొన్న కొత్తచెరువు పోయి మీ అమ్మను పుస్తకాల గురించి అడిగాను. ఎన్‌సీఈఆర్‌టీ కొన్నాను కానీ చదువుతుంటే కడుపులోకి పోవడం లేదు. తెలుగు అకాడమీ జంతుశాస్త్రం మొదట చదివితే గానీ విషయం తలకెక్కదు. మీ అమ్మ అటక వైపు చూసింది, నిచ్చెన కూడా వేసింది. మళ్ళీ ఏమనుకుందో తీసేసి, "దాన్నడిగి తీసుకో మే, అది చెప్పకుండా నేనియ్యను" అంది.

అందుకే అడుగుతున్నా. మొదటి ఏడాదిది, రెండో ఏడాదిది, రెండూ కావాలి. నువ్వు పెన్సిల్‌తో గీసిన గుండె బొమ్మ ఉన్న పుస్తకం తప్పకుండా కావాలి. ఇమ్మని మీ అమ్మకు ఒక్క మాట చెప్పు. చెప్పలేనంటే అది కూడా చెప్పు, అనంతపురంలో పాత పుస్తకాలు దొరుకుతాయి.

ఇట్లు,
నీ పక్క మంచం ఎంపీసీ

తా.క.: నాయన ఐఎన్ఆర్ నిన్న 2.9.