హోప్ ఐలాండా? దివిసీమా?

ఈ వార్షికోత్సవ సంచికకు నా ఎమ్మెస్సీ చదువు గురించి రాయమన్నారు. మా ఇంట్లో డిగ్రీ దాటింది నేనే కాబట్టి తమ్ముళ్ళకు పనికొస్తుందని వాళ్ళ ఉద్దేశం. అది మరోసారి రాస్తాను. నెల రోజులుగా మా ఐదుగురికి నిద్ర లేకుండా చేస్తున్న ముచ్చట వేరే ఉంది.

జైనూర్‌లో మన హాస్టల్‌లో పదో తరగతి దాకా ఒకే గదిలో ఉన్నవాళ్ళం మేము. ఐదుగురిలో ఒక్కరం కూడా సముద్రం చూడలేదు. ఉస్మానియాలో జియోగ్రఫీ చదువుతున్న నేను సైతం మ్యాపులోనే చూశాను! మాలో ఒకడు ఫిబ్రవరిలో దుబాయి పోతున్నాడు. మళ్ళీ అందరం కలిసేది ఎన్నడో తెలియదు. తలా మూడు వేలు జమ చేశాం. వాటితో ఒక్క చోటికే పోగలం. విశాఖ, పూరి అన్నీ పోయి చివరికి రెండు దీవులు మిగిలాయి.

దుబాయి పోయేవాడు దివిసీమ అన్నాడు. పులిగడ్డ దగ్గర కృష్ణ రెండు పాయలవుతుంది. ఆ పాయల నడుమ ఉన్న నేలే దివిసీమ. బెజవాడలో దిగితే అవనిగడ్డ దాకా బస్సు, అక్కడి నుంచి హంసలదీవి. నది సముద్రంలో కలిసే చోటు, వేణుగోపాలస్వామి గుడి, వరి పొలాలు. పడవ అక్కరలేదు. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చి పదివేల మందికి పైగా చనిపోయిన నేల అది. "అంత పోయినా మళ్ళ ఊర్లు నిలబెట్టుకున్నరు, వాళ్ళను సూడాలెరా" అన్నాడు. ఊరు విడిచి పోయేవాడి మాట కదా, నాకు వెంటనే ఎదురు చెప్పబుద్ధి కాలేదు.

నేను మాత్రం కాకినాడ ఎదురుగా ఉన్న హోప్ ఐలాండ్ అన్నాను. సుమారు 16 కిలోమీటర్ల పొడవైన ఇసుక తిన్నె అది. రెండు వందల ఏళ్ళలోనే ఏర్పడిందని చెబుతారు. గోదావరి మోసుకొచ్చిన ఒండ్రునూ ఇసుకనూ అలలు పేర్చుకుంటూ పోతే దీవి అయ్యింది. కాకినాడ రేవుకు అలల దెబ్బ తగలకుండా అడ్డంగా ఉంటుంది. చలికాలం చివర ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి. కష్టమల్లా పడవతోనే. గాలి ఎక్కువుంటే పడవ కదలదు. అంత దూరం పోయి ఒడ్డున కూర్చోవాల్సి వస్తే?

ఓటు వేస్తే దివిసీమకు మూడు, హోప్ ఐలాండ్‌కు రెండు. నేను ఒప్పుకున్నాను కూడా.

ఆ ఆదివారం మా ఇంట్లో ఇదే మాట్లాడుతుంటే బాపు విన్నాడు. "మన వాగు నీళ్ళు ఆడిదాంక పోతయా?" అని అడిగాడు. పోతాయని చెప్పాను. పైన పెన్‌గంగ, తూర్పున ప్రాణహిత, కింద గోదావరి. మన అడవుల్లో పడ్డ వాన ఏ వాగున పడినా చివరికి గోదావరిలోకే. బాపు కాసేపు ఊరుకున్నాడు. మాది గుట్ట వాలు మీద ఉన్న రెండెకరాల పత్తి చేను. ప్రతి వానకాలం పైమట్టి కోసుకుపోతుంది. రాళ్ళు అడ్డం పెట్టీ పెట్టీ ఆయన నడుము వంగింది. "గట్లయితే మన చేను మట్టి గూడ ఆడనే పడ్డదేమో. నేనొస్త, సూద్దాం" అన్నాడు.

అంత మట్టీ దీవి దాకా చేరదని నాకు తెలుసు. కొంత కోనసీమలోనే ఆగుతుంది, ఇప్పుడైతే కడెం, ఎల్లంపల్లి, ధవళేశ్వరం దగ్గరా ఆగుతుంది. అదంతా బాపుకు చెప్పలేదు. దుబాయి పోయేవాడే ముందుగా ఓటు మార్చుకున్నాడు. "నాకు ఆడ సముద్రమే గదరా, బాపుకు మళ్ళ దొరకది" అన్నాడు. దివిసీమ వాడు తిరిగొచ్చాక పోదామనుకున్నాం.

జనవరి రెండో వారంలో మంచిర్యాలలో రైలెక్కుతున్నాం. పడవ దొరకకపోతే కోరింగ మడ అడవిలో చెక్క వంతెన మీద నడిచి, అక్కడి కాలువల్లో నీళ్ళయినా చూపిస్తాను. బాపు టికెట్ నా స్కాలర్‌షిప్ మిగులులోంచి. జొన్న రొట్టెలు ఎన్ని రోజులకు కట్టాలని అవ్వ ఇప్పటికే రెండుసార్లు ఫోన్ చేసింది.