ఫోను నంబరుకు వచ్చే ఫొటో

2008 జూలై 11, శుక్రవారం, ఆక్లండ్

రాత్రి పన్నెండు దాటి ఒక్క నిమిషానికి క్వీన్ స్ట్రీట్‌లో వోడాఫోన్ షాపు తలుపులు తీశారు. ఐఫోన్ 3జీ ప్రపంచం మొత్తంలో ముందుగా అమ్ముడయింది ఇక్కడే. ఈ ఫోను అమ్మే దేశాల్లో తేదీ ముందుగా మారేది ఇక్కడే కాబట్టి న్యూజిలాండ్‌కి దక్కింది ఆ మొదటి స్థానం. ఇంత చలిలో, రోడ్డు మీద దుప్పట్లు కప్పుకుని కూర్చున్నవాళ్ళని టీవీలో చూపించారు. పొద్దున్నే షాపు తెరవాల్సింది నేను కాబట్టి వెళ్ళలేదు.

మాది మానుకౌలో చిన్న ఫోన్ల షాపు. మా దగ్గర ఐఫోన్ లేదు. ప్రీపే ఫోన్లు, చార్జర్లు, టాప్-అప్ కార్డులు, సెట్టింగులు చేసిపెట్టడం, ఇదీ మా వ్యాపారం. అయినా ఇవాళ వచ్చిన ప్రతివాళ్ళూ దాని గురించే అడిగారు. ప్లాను లేకుండా 8 జీబీ ఫోను 979 డాలర్లు అని చెబితే ఒకతను నోరు తెరిచాడు. ఇంకొకావిడ మాత్రం ధర అడగలేదు. "దాంట్లో పిఎక్స్‌టి వస్తుందా?" అని అడిగింది. ఎమ్మెమ్మెస్‌కి వోడాఫోన్ ఇక్కడ పెట్టిన పేరు అది. ఇప్పుడు ఏ కంపెనీ వాళ్ళయినా ఫొటో మెసేజీని పిఎక్స్‌టి అనే అంటారు.

రాదు. అంత ఖరీదైన ఫోను, రెండు మెగాపిక్సెళ్ళ కెమెరా ఉంది, కానీ ఫొటోని మెసేజీగా పంపలేదు, అందుకోలేదు. ఈమెయిల్ ఉందిగా అని యాపిల్ ధీమా.

సాయంత్రం మా ఆయన ఆఫీసు నుంచి వస్తూ ఐఫోన్ ఒకటి తెచ్చుకున్నారు, రెండేళ్ళ ప్లాను మీద. అన్నం తిన్నాక నా సోనీ ఎరిక్సన్‌తో బంగాళాదుంప వేపుడు ఫొటో తీసి ఆయన నంబరుకు పంపాను. ఆయనకి ఫొటో రాలేదు. ఒక టెక్స్ట్ వచ్చింది: మీకు ఫొటో వచ్చింది, ఫలానా వెబ్‌సైట్‌కి వెళ్ళి ఈ కోడ్ కొట్టి చూసుకోండి అని. ఆ కోడ్‌ని కాపీ చేసి అతికించడానికి కూడా వీల్లేదు, ఐఫోన్‌లో ఆ సౌకర్యమే లేదు. కరెంటు బిల్లు వెనకాల కోడ్ రాసుకుని, బ్రౌజర్ తెరిచి, ఒక్కొక్క అక్షరం కొట్టి, చివరికి చూశారు. ఆ ఫొటోలో ఉన్నది ఆయన ముందున్న గిన్నే.

2008 జూలై 22, మంగళవారం

ఇవాళ ఒక మావోరీ పెద్దావిడ వచ్చింది. ఫోను పాడైందట, చూడమంది. మడత పెట్టే ఫోను, అంచుల్లో రంగు పోయింది. నా ఫోను నుంచి ఆవిడకి పిఎక్స్‌టి పంపి చూశాను, క్షణాల్లో వచ్చింది. ఆవిడ నుంచి నాకూ వచ్చింది. ఫోనుకి ఏమీ కాలేదు.

"మరి నా మోకోపునా ఫొటోలు రావడం లేదేం?" అంది. మోకోపునా అంటే మనవలు. కొడుకు గిజ్బోర్న్‌లో ఉంటాడు. బిడ్డ పుట్టినప్పటి నుంచీ వారం వారం ఫొటో పంపేవాడు. ఈ నెల మధ్య నుంచి ఆగిపోయాయి. ఫోను ఏమైనా మార్చాడా అని అడిగాను. అవును, కొత్తది కొన్నాడు, చాలా మంచి ఫోనట అంది సంతోషంగా.

కారణం తెలిసింది కాని, చెప్పడానికి నాకు మనసొప్పలేదు. అయినా చెప్పాను. ఆవిడకి కంప్యూటరు లేదు. ఈమెయిల్ అడ్రసూ లేదు. లైబ్రరీకి వెళ్తే ఉచితంగా చూసుకోవచ్చు, అడ్రసు నేను తెరిచి ఇస్తానన్నాను. తల ఊపింది కాని, వెళ్ళేలా కనిపించలేదు. తర్వాత ఫోను తెరిచి పాత ఫొటోలు చూపించింది. నా బొటనవేలి రెండు గోళ్ళంత తెర. మొదటి ఫొటోలో బిడ్డ కళ్ళు మూసుకుని ఉంది, నుదుటి మీద ఆస్పత్రి టోపీ అంచు. చివరిదాంట్లో మెడ నిలబెట్టి చూస్తోంది. మధ్యలో ఉన్న ఫొటోలన్నీ ఒక్కొక్కటే నొక్కుతూ, ఇది ఎప్పటిది, అప్పుడు ఎంత బరువుంది, ఎవరి కాళ్ళ మీద పడుకోబెట్టారు, అన్నీ చెప్పింది. అవతల ఇద్దరు కస్టమర్లు నిలబడి ఉన్నా నేను ఆపలేదు.

ఫోను మార్చింది కొడుకు, నష్టపోయింది తల్లి. ఐఫోన్ మీద పత్రికల్లో వచ్చే సమీక్షలు అన్నీ కొనేవాడికి ఏం దొరుకుతుందో లెక్కలు కడతాయి. అవతలి మనిషి లెక్క ఎవరూ కట్టరు.

2008 ఆగస్టు 15, శుక్రవారం

వరలక్ష్మీ వ్రతం. శాండ్రింగ్‌హామ్ షాపులో కొబ్బరికాయ, తమలపాకులు దొరికాయి. మామిడాకులు మాత్రం లేవు. ఉన్నంతలో చేసుకున్నాను. అమ్మవారికి కట్టిన చీర కుచ్చిళ్ళు ఈసారి బాగా కుదిరాయి.

తెనాలిలో అమ్మకి ఫొటో పంపాలి. ఇక్కడ పిఎక్స్‌టియే మేలన్న నా మాట నేనే ఒప్పుకోను, ఎందుకంటే ఇండియాకి ఈమెయిలే దిక్కు. పిఎక్స్‌టి దేశం దాటితే వెళ్తుందో లేదో నమ్మకం లేదు. వెళ్ళినా అమ్మ దగ్గరున్నది టార్చిలైటు నోకియా 1100, దానికి బొమ్మలు రావు. అందుకని తమ్ముడికి మెయిల్ పెట్టాను. వాడు సాయంత్రం నెట్ సెంటరుకి వెళ్ళి రంగుల్లో ప్రింటు తీయించి ఇంటికి తీసుకెళ్ళాడు. అక్కడికీ ఇక్కడికీ ఆరున్నర గంటల తేడా కాబట్టి, అమ్మ ఫోను చేసేసరికి నాకు నిద్ర ముంచుకొస్తోంది.

"కలశం మీద కొబ్బరికాయ కాస్త పక్కకి ఒరిగిందే అమ్మాయ్, చూసుకోలేదా?" అంది.

పిఎక్స్‌టి అయితే అమ్మకి అది కనిపించేది కాదు. మూడు వందల కిలోబైట్లకి కుదించేసరికి కలశమూ కాయా కలిసిపోయేవి. మంచి ఫొటో, పెద్ద ఫొటో, దాచుకుని ప్రింటు తీయించుకునే ఫొటో పంపాలంటే ఈమెయిలే. అందులో నాకు సందేహం లేదు. కాని మధ్యలో తమ్ముడున్నాడు. సైకిలు తొక్కుకుంటూ నెట్ సెంటరుకి వెళ్ళేవాడు ఇంట్లో ఉండబట్టే ఆ ఈమెయిల్ అమ్మదాకా చేరింది.

2008 అక్టోబరు 12, ఆదివారం

దసరా వెళ్ళిన ఆదివారమని నాలుగు కుటుంబాలం మా ఇంట్లో భోజనాలు చేశాం. ఆయన మిత్రులందరూ సాఫ్ట్‌వేర్ వాళ్ళే. పులిహోర దగ్గర మొదలైన ఈమెయిలా పిఎక్స్‌టియా అన్న వాదన పెరుగన్నం దాకా నడిచింది.

ఆయన అన్నది ఇది: "అసలు మొదటి ఫోను ఫొటో వెళ్ళిందే ఈమెయిల్ మీద. ఫిలిప్ కాన్ అని, 1997 జూన్ 11న కాలిఫోర్నియాలో శాంటా క్రూజ్ ఆస్పత్రిలో కూతురు పుడితే, డిజిటల్ కెమెరాకి ల్యాప్‌టాప్, సెల్‌ఫోన్ తగిలించి ఫొటో పంపాడు. రెండువేల మందికి పైగా చేరింది. ఎమ్మెమ్మెస్ అప్పటికి పుట్టలేదు."

నిజమే. కాని ఆ రెండువేల మందికీ 1997లోనే ఈమెయిల్ ఉంది. కాన్ సొంతంగా సాఫ్ట్‌వేర్ కంపెనీలు పెట్టినవాడు, ఆయన బంధుమిత్రులు అలాంటివాళ్ళే అయ్యుంటారు. మానుకౌ షాపుకి వచ్చే పెద్దావిడలు ఆ జాబితాలో ఉండరు.

ఇంకొకాయన జపాన్ ముచ్చట ఎత్తారు. అక్కడ 2000 నవంబరులోనే షార్ప్ కంపెనీ జె-ఫోన్ కోసం కెమెరా ఫోను చేసింది. ఫొటోలు మెయిల్‌గానే పోయేవి, ఎవరికీ ఇబ్బంది లేదు అన్నారు. దానికీ జవాబుంది. అక్కడ ఫోను కొన్నప్పుడే కంపెనీ మెయిల్ అడ్రసు కూడా ఇస్తుంది, మెయిల్ నేరుగా జేబులో ఫోనుకే వచ్చి మోగుతుంది. ఈమెయిల్‌ని వాళ్ళు ఫోనుకి తెచ్చారు. మనం మనిషిని ఈమెయిల్ దగ్గరికి నడవమంటున్నాం.

నేను రోజూ చేసే పని కాబట్టి లోపల ఏం జరుగుతుందో కూడా చెప్పాను. పిఎక్స్‌టి పంపితే ఫొటో ముందు కంపెనీ సెంటరుకి పోతుంది. అవతలి ఫోనుకి కనిపించని చిన్న కబురు ఒకటి వెళ్తుంది, నీకు ఫొటో ఉంది తెచ్చుకో అని. ఆ ఫోను తనంతట తాను వెళ్ళి తెచ్చుకుంటుంది. అవతలిది చిన్న తెర అయితే సెంటరే ఫొటోని ఆ తెరకి సరిపడా తగ్గించి ఇస్తుంది. అందుకునే మనిషి పాస్‌వర్డు గుర్తుపెట్టుకోనక్కర్లేదు, పంపేవాడికి అవతలిది ఏ ఫోనో తెలియక్కర్లేదు. ఫొటో మసగ్గా వస్తుంది, ఫొటోకి ఇంతని డబ్బు పడుతుంది, సెట్టింగులు ఒక్కోసారి మొండికేస్తాయి. అయినా నంబరు తెలిస్తే చాలు. చదువుకోనివాళ్ళకి కూడా పది అంకెలు కంఠతా వస్తాయి.

"నీ షాపు మాటలు నువ్వు చెబుతున్నావు," అన్నారాయన. అవును, షాపు మాటలే. షాపుకి వచ్చేవాళ్ళు దేశంలో ఎక్కువమంది.

2009 మార్చి 18, బుధవారం

యాపిల్ దిగొచ్చింది. అమెరికా వేసవిలో వచ్చే కొత్త సాఫ్ట్‌వేర్‌లో ఎమ్మెమ్మెస్ ఉంటుందట, కాపీ, పేస్టు కూడా. ఆయన వార్త చదివి నా వైపు చూశారు, ఏమీ అనలేదు.

2009 జూన్ 18, గురువారం

ఐఫోన్ ఓఎస్ 3.0 తెల్లవారుజామున వచ్చింది. ఆయన ఆఫీసుకి వెళ్ళకముందే ఎక్కించుకున్నారు. నేను షాపు నుంచి ఫొటో పంపితే కోడ్ లేకుండా, వెబ్‌సైట్ లేకుండా నేరుగా వచ్చిందని ఫోను చేసి చెప్పారు. 2007లో వచ్చిన మొట్టమొదటి ఐఫోన్‌కి మాత్రం ఈ భాగ్యం లేదు. అమెరికాలో అయితే ఏటీ అండ్ టీ వాళ్ళు వేసవి చివరిదాకా ఆగమన్నారట.

గిజ్బోర్న్ అబ్బాయి కూడా ఎక్కించుకుంటే బాగుండును. పెద్దావిడ వస్తే చెప్పాలి.

2009 జూలై 9, గురువారం

వచ్చింది, టాప్-అప్ కోసం. ఫొటోలు మళ్ళీ వస్తున్నాయి. బిడ్డ నిలబడి కుర్చీ పట్టుకుని ఉంది. ఏడాది వయసు ఆవిడ చూడకుండానే దాటిపోయింది.

2017 నవంబరు 30, గురువారం

ఇవాళ్టితో వోడాఫోన్ న్యూజిలాండ్ ఈమెయిల్ సర్వీసు ఆపేసింది. సొంత అడ్రసులతో పాటు, కొనుక్కున్న పాత కంపెనీలవి కూడా: ఐహగ్, ప్యారడైజ్, క్లియర్. ఇరవై ఏళ్ళ కింద ఇంటర్నెట్ వచ్చిన కొత్తలో తీసుకుని, బ్యాంకుకీ డాక్టరుకీ పిల్లల బడికీ అవే ఇచ్చినవాళ్ళు చాలామంది. వేరే అడ్రసుకి మళ్ళించుకునే వీలు ఇచ్చారు. పెద్దవాళ్ళకి అది చేసుకోవడం ఎవరు నేర్పాలి? మా వీధిలో ఇద్దరికి నేనే కూర్చుని చేసిపెట్టాను. ఒకాయన మెయిల్లో పదేళ్ళ నాటి ఫొటోలున్నాయి. అన్నీ దించి పెన్‌డ్రైవ్‌లో పెట్టి ఇచ్చేసరికి సాయంత్రమైంది.

ఈమెయిల్ శాశ్వతం, ఎమ్మెమ్మెస్ నాలుగు రోజుల ముచ్చట అని 2008లో మా ఇంట్లో తేల్చేశారు. ఇవాళ మూతపడింది ఈమెయిల్. పిఎక్స్‌టి ఇంకా వెళ్తోంది.

అయితే ఈ రెండింటినీ దాటి వాట్సాప్ వచ్చింది. తెనాలిలో అమ్మకి ఇప్పుడు స్మార్ట్‌ఫోన్ ఉంది. పొద్దున్నే శుభోదయం పువ్వులు పంపుతుంది, వడియాలు ఎండబెట్టిన ఫొటో పంపుతుంది. అమ్మకి ఈమెయిల్ ఇప్పటికీ లేదు. ఫోను కొన్నప్పుడు షాపతను ఒక అడ్రసు పెట్టే ఉంటాడు, అది ఆవిడకి తెలియదు, అవసరమూ పడలేదు. వాట్సాప్ అడిగింది ఫోను నంబరు ఒక్కటే. 2009లో మొదలైన ఆ కంపెనీ ఇంతమంది దగ్గరికి చేరడానికి కారణం చాలావరకు అదేనని నా నమ్మకం. పిఎక్స్‌టిలో జనానికి నచ్చినది ఏదో దాన్నే వాళ్ళు ఫొటోకి ఇంతని డబ్బు తీసుకోకుండా ఇచ్చారు, దేశాలు దాటించారు.

2024 డిసెంబరు 22, ఆదివారం

వోడాఫోన్ పేరు నిరుడు వన్ ఎన్‌జెడ్‌గా మారింది. ఈ నెల వాళ్ళు స్టార్‌లింక్ ఉపగ్రహాల మీదుగా టెక్స్ట్ మెసేజీలు మొదలుపెట్టారు. కొన్ని ఫోన్లకే, ఆకాశం కనిపించేచోటే, నిమిషాల ఆలస్యంతో. టవర్ సిగ్నలు అందని చోటు ఈ దేశ భూభాగంలో 40 శాతం అని వాళ్ళ లెక్క. కొండల్లో, అడవుల్లో, పశువుల ఫారాల్లో తిరిగేవాళ్ళకి ఇది చిన్న విషయం కాదు. గేబ్రియల్ తుఫానప్పుడు, 2023 ఫిబ్రవరిలో, గిజ్బోర్న్, హాక్స్ బే వైపు టవర్లు పనిచేయక ఇంటివాళ్ళ క్షేమం తెలియక జనం ఎంత తల్లడిల్లారో చూశాం.

ఉపగ్రహం మీద మొదట ఎక్కింది నంబరు నుంచి నంబరుకి వెళ్ళే మెసేజీ. ఈమెయిలూ కాదు, వాట్సాపూ కాదు. ఫొటో కూడా దాని వెనకే రావాలి. కాలు విరిగి కొండ మీద కూర్చున్నవాడు ఎక్కడున్నాడో, గాయం ఎలా ఉందో చూపించడానికి ఒక్క మసక ఫొటో చాలు.

జర్మనీలో వోడాఫోన్ 2023 జనవరిలో ఎమ్మెమ్మెస్ పూర్తిగా ఆపేసింది, వాడేవాళ్ళు తగ్గిపోయారని. ఇక్కడ కూడా ఎప్పుడో ఒకనాడు ఆ మాటే అంటారు. అప్పుడు నేను చెప్పేది ఇదే. వాట్సాప్ ఒక కంపెనీది. ఆ కంపెనీ షరతులకి ఒప్పుకుని, దాని యాప్ ఎక్కించుకున్నవాళ్ళకే అది పనిచేస్తుంది. ఈమెయిల్‌కి అడ్రసు ఉండాలి, దాన్ని తెరిచి చూసుకునే అలవాటు ఉండాలి. ఏమీ ఎక్కించకుండా, ఎక్కడా పేరు నమోదు చేసుకోకుండా, ఏ కంపెనీ ఫోను నుంచి ఏ కంపెనీ ఫోనుకైనా ఫొటో వెళ్ళే దారి ఒకటి ప్రతి ఫోనులో ఉండి తీరాలి. దాని పేరు పిఎక్స్‌టి కానీ, రేపు ఇంకేదైనా కానీ. అంతకంటే మంచిది అందరి ఫోన్లలోకీ వచ్చేదాకా పాతదాన్ని తీసెయ్యకూడదు.