ఆకాశమునుండి పడినదానికి పరిహారము

1979 జూలైలో స్కైలాబ్ అను అమెరికావారి అంతరిక్షశాల కూలనున్నదన్న వార్త తెలుగుదేశమున పుట్టించిన కలవరమును మా సూర్యాపేట పెద్దలు నేటికిని చెప్పుచుందురు. ఎటులను చావు తప్పదని కొందఱు కోళ్లను, మేకలను కోసికొని విందులు గావించిరట. అప్పులున్నవారికి మాత్రము కొంత యూరట కలిగెనేమో! తుదకు జూలై 11న ఆ శాల తునుకలై హిందూ మహాసముద్రముమీదను, పశ్చిమ ఆస్ట్రేలియామీదను రాలినది.

కోదాడ పాఠశాలలో ఈ కథ చెప్పగా ఒక బాలుడు, "సార్, అది మా పొలంల పడితే పైసలెవరిస్తరు?" అని యడిగెను. పెద్దలెవరును నన్నడుగని ప్రశ్న యది.

1967 నాటి అంతరిక్ష సంధినిబట్టి చంద్రాదిగోళములను ఏ రాజ్యమును తనదనరాదు. ఆకాశ మొక్కటియే యన్న మన తార్కికులకిది వింతగాదు. రైతునకు పనికివచ్చునది 1972 నాటి బాధ్యతా ఒడంబడిక. పరరాజ్యము ప్రయోగించిన వస్తువు నేలపై పడి నష్టము చేసినచో, తప్పెవరిదని విచారింపకయే ఆ రాజ్యము పరిహార మీయవలెను. 1978లో సోవియట్ వారి కాస్మోస్ 954 ఉపగ్రహము అణుయంత్రముతో కెనడాపై కూలగా, కెనడా 60 లక్షల డాలర్లకు పైగా కోరి, 1981లో 30 లక్షలకు సమ్మతించినది.

అయితే ఆ ఒడంబడిక క్రింద మిర్యాలగూడ రైతు తానై యడుగజాలడు. అతనికై భారత ప్రభుత్వమే యడుగవలెను. అంతకన్న విచిత్రమొకటి కలదు: ఒక రాజ్యపు వస్తువు ఆ రాజ్యప్రజలకే చేసిన నష్టమునకు ఆ ఒడంబడిక వర్తింపదు. శ్రీహరికోటనుండి పోయిన మన రాకెట్టు మన వరిమడిలో పడినచో రైతునకు అందు చోటులేదు. 2022 నవంబరు 18న హైదరాబాదు సంస్థయగు స్కైరూట్‌వారి విక్రమ్-ఎస్ అచ్చటనుండి యెగిరినపుడు నేనును సంతోషించితిని. ప్రైవేటువారి పనులకును ప్రభుత్వమే లోకమునకు జవాబుదారి యని సంధి చెప్పుచున్నది. లోకమునకు సరే, ఇంటివారి మాటేమి? కోర్టునకు పోవచ్చును, నియమము వ్రాసియుండని చోట వ్యాజ్యమెన్నేండ్లు సాగునో మన రైతులకు తెలియనిది కాదు.

2017లో అంతరిక్ష కార్యకలాపముల బిల్లు ముసాయిదా వెలువడినది. 2023లో విధానపత్రము వచ్చినది. విధానపత్రము శాసనము గాదు. పరిహార మెంత, ఎన్నాళ్లలో, ఎవరి బీమానుండి యనునవి శాసనమున నుండవలెను. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మూడును నల్లగొండ లోక్‌సభ నియోజకవర్గములోనివే. మూడూళ్లకును సభ్యుడొక్కడే కనుక ఉత్తర మొక్కటి చాలును. సంతకములు మాత్రము చాల కావలెను.