తొట్టె అడుగున ఏముందో మాకు తెలియలేదు

బురైమిలో మేం నలుగురం ఒకే రూములో ఉంటాం. నలుగురిదీ ఆఫీసుల్లో గుమాస్తా పనే, నలుగురమూ ఇంటర్ తో చదువు ఆపినవాళ్లమే. మా రూములో ఒక చేపల తొట్టె ఉంది. పదకొండేళ్లు ఇక్కడ ఉండి ఇంటికి వెళ్లిపోయిన మా అన్న మాకు అప్పగించింది. "చేపల్ని జాగ్రత్తగా చూసుకోండిరా, మా పాప అడుగుతుంది" అని చెప్పి మరీ విమానం ఎక్కాడు. ఎనిమిది గోల్డ్ ఫిష్ లు. ఫోటోలు చూసి ఆ పాపే అన్నిటికీ పేర్లు పెట్టింది.

కొన్నాళ్లకు అడుగున రంగు గులకరాళ్లు మాసిపోయి కనిపించాయి. మాలో ఒకడిది భీమవరం దగ్గర ఊరు. "మా నాన్న పంట పంటకీ చెరువు ఎండగట్టి, అడుగు బురద తీసి, సున్నం చల్లుతాడు. అందుకే చేప బాగుంటుంది" అన్నాడు. నిజమే అనుకున్నాం. ఒక శుక్రవారం సొహార్ రోడ్డులో వాదీ జిజ్జీ దాకా పోయి బకెట్ నిండా తెల్లటి గులకరాళ్లు తెచ్చాం. పాతవన్నీ పారబోశాం. ఫిల్టర్ స్పాంజి కూడా కుళాయి కింద పిండి కడిగేశాం. తొట్టె తళతళలాడింది.

మూడో రోజుకి చేపలు నీటిపైకి వచ్చి నోళ్లు తెరవసాగాయి. వారం తిరిగేసరికి ఐదు పోయాయి.

చేపల దుకాణంలో కేరళ ఆయన మా కథంతా విని తల పట్టుకున్నాడు. చేపల మలం నుంచి, మిగిలిన మేత నుంచి అమ్మోనియా అనే విషం పుడుతుందట. దాన్ని ముందు నైట్రైట్ గా, తర్వాత అంత హాని చేయని నైట్రేట్ గా మార్చే సూక్ష్మజీవులు ఆ పాత రాళ్ల మీదా, స్పాంజిలోనే కాపురం ఉంటాయట. మేం మురికితో పాటు వాటినీ పారబోశాం. పైగా మా రాయి మీద ఆయన వెనిగర్ చుక్క వేస్తే బుసబుస పొంగింది. అంటే సున్నపురాయి. అది నీటిలో క్షారం పెంచుతుంది, అప్పుడు అమ్మోనియా ఇంకా విషమవుతుంది.

అప్పుడు మా భీమవరం వాడే అన్నాడు, "మా నాన్న చెరువు ఎండగట్టేది చేప పట్టేశాక కదరా!"

ఆయన తన తొట్టెలోంచి గుప్పెడు పాత రాళ్లు గుడ్డలో కట్టి ఇచ్చాడు. మేం తెచ్చిన రాళ్లు తీసేసి, ఆ మూట నీళ్లలో వేలాడదీశాం. బకెట్లో ఒక రోజు నిలవ ఉంచిన నీళ్లతో రోజూ నాలుగో వంతు మార్చాం. మేత బాగా తగ్గించాం. మూడు చేపలు బతికాయి. తర్వాత వెనిగర్ కి పొంగని రాళ్లు, సబ్బు తగలకుండా కడిగి, రెండేసి వారాల తేడాతో కొంచెం కొంచెంగా వేశాం. తొట్టె పెట్టుకున్న సోదరులారా, అడుగు మార్చాలంటే ఒకసారికి మూడో వంతు మించి తీయకండి. ఆ రోజుల్లో ఫిల్టర్ జోలికి పోకండి.

మేం ఈ ఊరు వచ్చినప్పుడూ అంతే. రూములో పాతవాళ్లు ఉండబట్టే నిలదొక్కుకున్నాం.

పాపకు అబద్ధం చెబుదామనుకున్నాం. నోరు రాలేదు. జరిగింది ఫోన్లో చెప్పాం. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "మిగిలినవాటి పేర్లు గుర్తున్నాయా బాబాయ్?" అంది. మూడూ చెప్పాం.