ఖరగ్‌పూర్‌లో అమెరికా ఆటపెట్టె

విశాఖలో హౌరా మెయిలు ఎక్కి ఉత్తరానికి ప్రయాణించేవారికి రాత్రి గడిచేసరికి స్టేషన్ల పేర్ల లిపి మారిపోతుంది. ఒడియా పోయి బెంగాలీ వస్తుంది. కాని ఖరగ్‌పూర్‌లో దిగి నాలుగడుగులు వేయగానే ఎవరో ఒకరు శ్రీకాకుళం యాసలో మరొకరిని పిలవడం వినిపిస్తుంది. 1072 మీటర్ల ఆ ప్లాట్‌ఫారం చాలాకాలం ప్రపంచంలోనే అతి పొడవైనదన్న ఖ్యాతి పొందింది. ఆ కీర్తిని 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్ళి అందిపుచ్చుకొన్నాయి. ఖరగ్‌పూర్ తెలుగువారికి ఈ విషయమై కొంత బాధ ఉన్నది.

బెంగాల్ నాగపూర్ రైల్వే ఈ ఊరిని కూడలిగా చేసుకొని, ఇరవయ్యవ శతాబ్దారంభంలో ఇక్కడ పెద్ద వర్క్‌షాపును నెలకొల్పింది. కటకం వైపు తీరరేఖ 1902లో ఆ కంపెనీ చేతికి వచ్చింది. ఆ దారినే మన ఉత్తరాంధ్ర కుటుంబాలు పనికోసం తరలివచ్చి, మధురాకాటి, నింపురా వంటి కాలనీలలో స్థిరపడ్డాయి. తాతలు, తండ్రులు, కొడుకులు అదే రైల్వేలో పనిచేసిన ఇళ్ళు ఇక్కడ ఎన్నో కలవు. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగును అధికార భాషలలో చేర్చడానికి ఆమోదం తెలిపిందంటే, దాని వెనుక ఈ ఊరి జనసంఖ్య ఉన్నదని వేరుగా చెప్పనక్కరలేదు.

మా అక్కను ఇచ్చినది ఇటువంటి కుటుంబంలోనే. బావగారు వర్క్‌షాపులో ఫిట్టరు. వారి తమ్ముడు అదే ఊరి ఐ.ఐ.టి.లో చదివి న్యూజెర్సీ వెళ్ళి స్థిరపడ్డాడు. 1996 వేసవిలో ఆయన భార్యాపిల్లలతో నెల రోజులకు వచ్చినప్పుడు నేనూ సెలవు పెట్టి వెళ్ళాను. పదేళ్ళ పిల్లవాడు, ఎనిమిదేళ్ళ పిల్ల. వారి నాయనమ్మ వారిని చూడడం అదే మొదటిసారి. పిల్లలకు తెలుగు రాదు, ఆమెకు ఇంగ్లీషు రాదు. రెండు రోజులు గడిచేసరికి పిల్లలు గది దాటి బయటకు రావడం మానేశారు. ఆమె గుమ్మం దగ్గర పీట వేసుకొని ఊరకే కూర్చుండేది. పిల్లలు వెంట తెచ్చుకొన్న ప్రియమైన వస్తువు ఒకటే: నింటెండో వీడియో గేమ్ పెట్టె. దానిని ఇంట్లోని కలర్ టీవీకి తగిలించే బాధ్యత ఇంజనీరును గనుక నాకు అప్పగించారు.

మొదట విద్యుత్తు సంగతి. ఆ పెట్టెతో వచ్చిన అడాప్టరు 120 వోల్టులు, 60 సైకిళ్ళకు చుట్టినది. మన 230 వోల్టులు, 50 సైకిళ్ళకు తగిలిస్తే దాని ఇనుప కోరులో అయస్కాంత ప్రవాహం ఉండవలసినదానికి 2.3 రెట్లు కావాలి. అంత ప్రవాహాన్ని కోరు భరించలేదు, క్షణాలలో కాలిపోతుంది. బావగారు దాని మీది అక్షరాలు చదివి, నేను నోరు తెరిచేలోపలే దానిని బీరువాలో పెట్టి తాళం వేశారు. పెట్టెకు కావలసినది 9 వోల్టులు, 1.3 ఆంపియర్లు. గోల్‌బజారులో ఫ్యాను కాయిళ్ళు చుట్టే ఒక ముసలాయన మరునాటికల్లా 230 నుంచి 9 వోల్టులకు దిగే చిన్న ట్రాన్స్‌ఫార్మరు చుట్టి ఇచ్చాడు. రైల్వే ఊరిలో ఇటువంటి చేతులకు కొదవ లేదు.

ఇక చిత్రం. మా టీవీ 1987 నాటిది, వెనుక యాంటెనా రంధ్రం తప్ప వేరే ఏమీ లేనిది. అమెరికా మూడవ చానలులో చిత్రాన్ని మోసే తరంగం 61.25 మెగాహెర్ట్జ్, మన నాలుగవ చానలుది 62.25. అంత దగ్గర గనుక ట్యూనింగు మర కొద్దిగా తిప్పగానే బొమ్మ దొరికింది. దొరికిన బొమ్మ నిలవక పైకి పరుగెత్తసాగింది. అమెరికా చిత్రం సెకనుకు 60 సార్లు తెరను నింపుతుంది, మనది 50 సార్లు. ఈ రెండు సంఖ్యలూ ఆయా దేశాల విద్యుత్తు సైకిళ్ళను అనుసరించి స్థిరపడినవే. వెనుకనున్న వర్టికల్ హోల్డ్ మీట తిప్పగా బొమ్మ ఆగింది. అడ్డగీతల వేగంలో తేడా నూటికి ఒకటికన్న తక్కువ. టీవీ దానిని తనంతట తానే సర్దుకొన్నది.

శబ్దం మాత్రం లేదు. మన పద్ధతిలో శబ్దం చిత్రానికి 5.5 మెగాహెర్ట్జ్ ఎడంగా ఉంటుంది, అమెరికా పద్ధతిలో 4.5. పెట్టె పక్కనున్న ఆడియో రంధ్రం నుంచి టేప్‌రికార్డరుకు తీగ లాగి ఆ లోటు తీర్చాము. రంగు విషయంలోనే అందరం చేతులెత్తేశాము. 1953లో అమెరికా ఆమోదించిన ఎన్.టి.ఎస్.సి. పద్ధతిలో రంగును మోసే తరంగం 3.58 మెగాహెర్ట్జ్. జర్మనీలో వాల్టర్ బ్రూఖ్ రూపొందించగా మనం 1982లో స్వీకరించిన పాల్ పద్ధతిలో అది 4.43. టీవీ తనకు తెలిసిన తరంగం కానరాక రంగును పూర్తిగా ఆపివేసి, నలుపు తెలుపులలో బొమ్మ చూపుతున్నది.

పిల్లవాడు మారియోను బూడిదరంగులోనే పరుగెత్తించి తృప్తిపడ్డాడు. పాప ఆట వేరు. ఆమెది డాక్టర్ మారియో. ఎరుపు, పసుపు, నీలం మాత్రలను ఒకే రంగువి నాలుగు వరుసకు వచ్చేటట్లు పేర్చాలి. రంగు లేని తెరమీద ఎరుపేదో నీలమేదో తెలియదు. ఆ పిల్ల రెండు నిమిషాలు చూసి, ఏడవకుండా లేచి గదిలోకి వెళ్ళిపోయింది. ఏడ్చినా బాగుండేది. బజారులో దొరికే మన ఎనిమిది బిట్ల ఆటపెట్టె కొనిద్దామంటే ఆమె కార్ట్రిడ్జి అందులో పట్టదు: అమెరికాదానికి 72 పిన్నులు, ఇక్కడివాటికి 60.

ఒక మెకానిక్కు టీవీలోని 4.43 క్రిస్టల్ తీసి 3.58ది వేస్తానని ముందుకు వచ్చాడు. అలా చేస్తే ఆట రంగులు వచ్చినా రాకున్నా, మన ప్రసారాలకు రంగు పోవడం ఖాయం. 1995లో ఈటీవీ మొదలైనప్పటి నుంచి నాయనమ్మకు సాయంకాలాలు అదే కాలక్షేపం. అయినా ఆమె “తీసెయ్యండిరా, నాకు నలుపు తెలుపు చాలు” అన్నది. బావగారు ఒప్పుకోలేదు. ఆయన చెప్పిన మాట నాకు నచ్చింది: ఈ రైల్వే కంపెనీ 1887లో పుట్టినప్పుడు చేతికి వచ్చిన నాగపూర్ ఛత్తీస్‌గఢ్ లైను మీటరు గేజిది, దానిని బ్రాడ్ గేజికి మార్చారంటే అది శాశ్వతపు పని, నెల రోజుల చుట్టాల కోసం ఎవరూ గేజి మార్చరు.

పరిష్కారం మూడు క్వార్టర్ల అవతల దొరికింది. ఆ ఇంటి అబ్బాయి గల్ఫ్‌లో పనిచేసి తెచ్చిన జపాన్ టీవీ పాల్, సీకామ్, ఎన్.టి.ఎస్.సి. మూడింటినీ గుర్తిస్తుంది. పలు దేశాల కూలీలు, పలు దేశాల క్యాసెట్లు చేరే చోటు గనుక గల్ఫ్ అంగళ్ళలో అటువంటివి సామాన్యం. పసుపు తీగ చిత్రానికి, ఎరుపు తీగ శబ్దానికి తగిలించగానే మాత్రలు మూడు రంగులలో రాలసాగాయి.

ఆ తరువాత ప్రతి మధ్యాహ్నం ఆ వీధి పిల్లలంతా అక్కడే. తెలుగు, హిందీ, బెంగాలీ కలగలిపి మాట్లాడే ఆ పిల్లలు ఆట చూస్తూ రంగుల పేర్లు కేకలు వేసేవారు. వారి వెనుక నాయనమ్మ కూడా పీట వేసుకొని కూర్చొని, కళ్ళద్దాలు సవరించుకొంటూ “నీలం, నీలం! ఇటు పెట్టవే తల్లీ” అని అరిచేది. పాప నోట నేను మొదట విన్న తెలుగు మాటలు ఎరుపు, పసుపు, నీలం. వారం తిరిగేసరికి “ఇప్పుడు నా వంతు” అనడం కూడా వచ్చింది. నెలాఖరుకు నాయనమ్మ చేతికే మీటల పలక ఇచ్చి నేర్పించబోయింది గాని, పెద్దావిడ వేళ్ళు ఆ వేగానికి చాలలేదు.

వెళ్ళేటప్పుడు ఆటపెట్టెను, తాళం వేసి దాచిన అడాప్టరును భద్రంగా సర్దుకొని పోయారు. గోల్‌బజారు ట్రాన్స్‌ఫార్మరు అక్కడ వారికి అక్కరకు రాదు గనుక వదిలిపోయారు. బావగారు దానిని కాలింగ్ బెల్లుకు అమర్చారు. పదవీ విరమణ తరువాత క్వార్టరు ఖాళీ చేసి సొంత ఇంటికి మారినప్పుడు దానినీ విప్పి పట్టుకుపోయారు. 2019లో నేను వెళ్ళి మీట నొక్కితే మోగినది దాని మీద నడిచే గంటే.