రాయచూరులో మజిలీ

రాయచూరు దారిమధ్య వచ్చే ఊరు. హైదరాబాదు నుంచి హంపికో గోవాకో కారులో బయల్దేరిన ఇద్దరు స్నేహితులకు రెండు వందల పైచిలుకు కిలోమీటర్లు దాటాక, సరిగ్గా కడుపు గుర్తుచేసే వేళకు తగులుతుంది. ఒకడు ఆగుదామంటాడు. రెండోవాడు ‘రాయచూరులో ఏముంది?’ అంటాడు. ఆ మాట అనేవాడి చేతిలోనే తరచూ స్టీరింగు ఉండటం రాయచూరు చేసుకున్న పాపం.

మజిలీ అంటే ఇద్దరుండాలన్నది తెలుగువాళ్లకు పాత సంగతే. మధిర సుబ్బన్న దీక్షితకవి రాసిన కాశీమజిలీ కథల్లో కాశీకి బయల్దేరిన మణిసిద్ధుడి వెంట నడవటానికి గొల్లపిల్లవాడు ఒక షరతు పెడతాడు: దారిలో చూసిన వింతల గురించి అడిగితే కథ చెప్పాలి. ఊరు చేరగానే వాడు వీధులు తిరిగి ఏదో ఒక వింత పట్టుకొస్తాడు. ఇప్పటి ప్రయాణాల్లో షరతులన్నీ పెట్రోలు ఖర్చు దగ్గరే ఆగిపోతాయి.

మక్తల్ దాటి కృష్ణానది మీద వంతెన ఎక్కేదాకా తెలంగాణ. దిగితే దేవసూగూరు, కర్ణాటక. అక్కడి నిజాం కాలపు పాత వంతెన పేరు సిరాతె జూది. ఆ పక్కనే శక్తినగర్ థర్మల్ కేంద్రం పొగగొట్టాలు. ఏరు ఎప్పటినుంచో ఉంది కానీ హద్దు కొత్తది. 1956 నవంబరు 1 దాకా రాయచూరు కూడా హైదరాబాదు రాష్ట్రంలోదే. ఆ రోజు మైసూరు రాష్ట్రంలో చేరింది. అంతకు ముందు తరానికి ఇది పరాయి ఊరు కాదు, పక్క జిల్లా.

పరాయితనమంతా బోర్డుల మీద ఉంటుంది. అదీ పావుగంట సేపే. కన్నడం రాని తెలుగువాడు క దగ్గర, త దగ్గర తడబడతాడు. గ, న, ర, ల చూడగానే లేచి కూర్చుంటాడు. పదాదిన ప ఉన్నచోట అక్కడ హ పలుకుతారని తెలిస్తే సగం భాష చేతికొచ్చినట్టే. పాలు హాలు అవుతుంది, పులి హులి అవుతుంది, పూవు హూవు అవుతుంది. దారి అడిగితే ‘ఎడక్కె, బలక్కె’ అంటారు. ఎడక్కె అర్థమవుతుంది. బలక్కె దగ్గర పట్నం మనిషి ఆగిపోతాడు. నాగలి పట్టిన ఇంట్లో పుట్టినవాడికి కుడివైపు ఎద్దును వలపటి ఎద్దు అంటారని గుర్తుంటే, ఆ వల, ఈ బల ఒకటేనని తట్టకపోదు. అయినా రాయచూరులో చాలామంది ఇంత శ్రమ పడనివ్వరు. ప్రశ్న సగంలో ఉండగానే తెలుగులో జవాబిస్తారు, లేదా ఉర్దూలో.

బస్టాండుకు దగ్గరలోనే కోట. దాని లోపలి గోడలో 41 అడుగులకు మించిన పొడవున్న ఒకే రాయి ఉంది. దాని మీద తెలుగు శాసనం. కాకతీయ సామంతుడు గోన గన్నారెడ్డి మంత్రి విఠలనాథుడు 1294లో ఈ కోట కట్టించాడని అది చెబుతుంది. ఆ రాయిని బండి మీద వేసి, జతలు జతలుగా పశువులను పూన్చి లాక్కొచ్చిన దృశ్యాన్ని కూడా గోడ మీద చెక్కి పెట్టారు. గొప్ప పనులు చేసినవాళ్లు రవాణా కష్టాన్ని రాతిలో చెక్కి ఉంచటం అరుదు. 2015లో వచ్చిన రుద్రమదేవి సినిమాలో గన్నారెడ్డి వేషానికి ఈలలు వేసినవాళ్లు కూడా ఈ రాయికి కిలోమీటరు దూరం నుంచి హారను కొట్టుకుంటూ వెళ్లిపోతారు. 1520లో ఈ కోట కోసమే కృష్ణదేవరాయలు ఇస్మాయిల్ ఆదిల్‌షాతో తలపడ్డాడు. ఆ యుద్ధం గురించి నూనిజ్ అనే పోర్చుగీసువాడు విస్తారంగా రాశాడు. బొంబాయి నుంచి వచ్చిన రైలు పట్టాలు, మద్రాసు నుంచి వచ్చినవి 1871లో కలుసుకున్నదీ ఈ ఊళ్లోనే. ఏముంది అన్న ప్రశ్నకు ఇంతకంటే జవాబు అక్కర్లేదు. కానీ అసలు జవాబు ఇది కాదు.

అసలు జవాబు ఒగ్గరణె. కన్నడంలో ఆ మాటకు తిరగమోత అని అర్థం. రాయచూరు, బళ్లారి వైపు హోటల్లో ఒగ్గరణె అంటే మాత్రం మండక్కితో చేసే ఫలహారం. మండక్కిని రాయలసీమలో బొరుగులు అంటారు, కోస్తాలో మరమరాలు. కర్నూలు, అనంతపురం వాళ్లు ఇదే పదార్థాన్ని ఉగ్గాని అంటారు. ఒగ్గరణె నోట నలిగి ఉగ్గాని అయిందనుకోవటానికి భాషాశాస్త్రం చదవక్కర్లేదు, రెండు ప్లేట్లు తింటే చాలు. బొరుగులను నీళ్లలో ముంచి వెంటనే పిండెయ్యాలి. క్షణం ఆలస్యమైతే ముద్ద అవుతుంది, క్షణం తొందరపడితే పంటి కింద పొడిగా తగులుతుంది. ఉల్లిపాయ, పచ్చిమిర్చి, పసుపుతో తాలింపు పెట్టి, పుట్నాల పొడి చల్లి, నిమ్మకాయ పిండుతారు. పక్కన మిరపకాయ బజ్జీ ఉండి తీరాలి. బజ్జీ లేని ఒగ్గరణె అసంపూర్ణం. ఉప్మాను తెలుగు దేశమంతటా ఆమోదించి దీన్ని నాలుగైదు జిల్లాలకే వదిలేయటం ఏ విధంగా చూసినా అన్యాయం. ఈ ఊరి దాకా వచ్చి హైవే దాబాలో వెజ్ మంచూరియా చెప్పే స్నేహితుడి సంగతి ఎత్తకపోవటమే మర్యాద.

ఒగ్గరణె ఉదయం ఫలహారం. సాయంత్రం బజ్జీల బండ్ల దగ్గర మళ్లీ కనిపిస్తుంది. అందువల్ల హైదరాబాదులో తెల్లవారుజామున నాలుగున్నరకే బయల్దేరటం మంచిది. మధ్యాహ్నం చేరినవాళ్లకు జొన్నరొట్టె, ఎణ్ణెగాయి దొరుకుతాయి. ఎణ్ణెగాయి అంటే గుత్తివంకాయే, అయితే అందులో పల్లీలు ఎక్కువ.