ఏ పద్దు కింద

2025 జూలై 4, ఇర్వింగ్, టెక్సాస్
వీధంతా టపాకాయలు. ప్రభుత్వ ఖర్చుల పెద్ద బిల్లు మీద అధ్యక్షుడి సంతకం సాయంత్రమే అయిపోయింది. వలసదారులను పట్టుకోవడానికి, సరిహద్దుకి కలిపి సుమారు 17,000 కోట్ల డాలర్లు. అందులో నిర్బంధ కేంద్రాలకే 4,500 కోట్లు. మిలిటరీకి ఇంకో 15,000 కోట్లు. పేదల తిండి కోసం ఇచ్చే ఫుడ్ స్టాంపుల్లో మాత్రం పదేళ్లలో దాదాపు 18,600 కోట్ల కోత. వంటింటి క్యాలెండర్ వెనక రాసిపెట్టుకున్నాను. సున్నాలు రాసుకుంటూ పోతుంటే ఇదంతా ఎవరి కంచంలోదో మరిచిపోతాం.

ఆగస్టు 20
ఎల్ పాసోలో ఫోర్ట్ బ్లిస్ సైనిక స్థావరంలో గుడారాల నిర్బంధ కేంద్రం తెరిచారు. 5,000 మందిని పెట్టాలని ప్లాను, 120 కోట్ల డాలర్ల కాంట్రాక్టు. మిలిటరీ ఖర్చు వేరు, వలసల ఖర్చు వేరు అనుకునేదాన్ని. ఫిబ్రవరిలో 104 మంది భారతీయుల్ని సంకెళ్లు వేసి తెచ్చి అమృత్‌సర్‌లో దింపింది సైనిక విమానమే కదా.

ఆగస్టు 21
నిన్నటి నుంచి ఫార్మింగ్టన్ గుర్తొస్తోంది. 2019 జనవరిలో మిషిగన్‌లో బయటపడిన బూటకపు యూనివర్సిటీ. పెట్టింది ప్రభుత్వమే. ఫీజులు కట్టించుకుంది, ఆ తర్వాత చేరినవాళ్లనే అరెస్టు చేసింది. దొరికిన పిల్లల్లో చాలామంది తెలుగువాళ్లు. ఆ వారం మా ఇళ్లలో ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. తప్పు పిల్లలదా, ఏజెంట్లదా అన్నదే అప్పటి చర్చ. ఒక ప్రభుత్వం లేని కాలేజీని నడపడానికి ఇంత శ్రద్ధ ఎందుకు పెట్టిందని మాలో ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

అక్టోబర్ 15
ప్రభుత్వ షట్‌డౌన్‌కి ఇవాళ పదిహేనో రోజు. సైనికుల జీతాల కోసం రక్షణ పరిశోధన పద్దులోంచి సుమారు 800 కోట్ల డాలర్లు మళ్లించారు. ఇవ్వాల్సిందే. నాన్న పనిచేసే మిల్లు లాకౌటయిన ఏడాది మా ఇల్లెలా ఉండేదో నాకు తెలుసు. వలసల అధికారులకూ జీతాలు పడతాయట.
ఫుడ్ స్టాంపులకు నెలకయ్యేది కూడా ఇంచుమించు అంతే.

నవంబర్ 1, శనివారం
షట్‌డౌన్ వల్ల దేశం మొత్తమ్మీద 4.2 కోట్ల మందికి ఈ నెల ఫుడ్ స్టాంపుల డబ్బు ఆగిపోయింది. మా ఫుడ్ బ్యాంక్ తెరిచేది తొమ్మిదికి. ఏడున్నరకే కార్లు రోడ్డు దాకా బారులు తీరాయి. నాది బియ్యం, చిక్కుడు గింజల బల్ల. ఒకావిడ రాత్రి షిఫ్టులో ఆసుపత్రి ఊడ్చి, ఇంటికి కూడా వెళ్లకుండా అట్నుంచటే వచ్చింది. చంకలో మనవడు. ఫుడ్ స్టాంపుల డబ్బు పడే లోన్ స్టార్ కార్డు తీసి చూపించి, ఐదో తారీకున పడాలి, పడుతుందా అని అడిగింది. ప్రభుత్వం తరఫున జవాబు చెప్పాల్సినదాన్నన్నట్టు నా మొహంలోకే చూసింది. తెలియదన్నాను. తల ఊపి, బియ్యం సంచి పిల్లాడి చేతికిచ్చి, "పట్టుకో, ఇది నీది" అంది.

వియత్నాం వెటరన్ అని రాసున్న టోపీ పెట్టుకున్న ముసలాయన ఒక్క మొక్కజొన్న డబ్బా తీసుకుని, చాలన్నాడు. ఇంకోటి పెట్టబోతే వెనకున్న వాళ్లను చూపించాడు.

పదీ నలభైకి బియ్యం అయిపోయాయి. ఇంకా ఇరవై కార్లు పైనే ఉన్నాయి. ఒక్కో కిటికీ దగ్గరికి వెళ్లి ఆ మాట చెప్పడం నా వంతు పడింది.

నవంబర్ 3
అమ్మ ఫోను, నరసరావుపేట నుంచి. "ఏమ్మా, అక్కడ చౌకడిపోలు మూసేశారంటగా?"
డిపోలు కావమ్మా, కార్డులో డబ్బు పడుతుంది, అది ఆగిందని చెప్పాను.
"మరి సిపాయిల జీతాలో?"
"అవిచ్చారు."
"అయితే డబ్బుందన్నమాట" అంది.
1983లో ఎన్టీఆర్ రెండు రూపాయలకు కిలో బియ్యం ఇస్తానంటే, ఖజానాలో డబ్బెక్కడుందని మా వీధిలో పెద్దమనుషులు అన్నారట. అమ్మకు ఆ మాట ఇంకా గుర్తుంది. ఆ బియ్యం సంచీ బరువు కూడా.

నవంబర్ 9
ఫోర్ట్‌వర్త్‌లో స్నేహితురాలింట్లో భోజనం. వాళ్లాయన ఎఫ్-35 యుద్ధవిమానాలు తయారయ్యే చోట పనిచేస్తాడు. ఒక్కోటి 8 కోట్ల డాలర్ల పైమాటే. "నా ఉద్యోగం తీసేసి బియ్యం పంచుతారా వదినా?" అన్నాడు. కోపంగా కాదు, నిజంగానే అడిగాడు. 2020 జూలైలో కాంగ్రెస్‌లో బార్బరా లీ, బెర్నీ శాండర్స్ అడిగింది పెంటగాన్ బడ్జెట్లో పదో వంతు తగ్గించమనే. హౌస్‌లో 93 ఓట్లు, సెనేట్‌లో 23 వచ్చాయి. అదే డబ్బు బళ్లకు, ఆసుపత్రులకు పెడితే ఎక్కువ ఉద్యోగాలొస్తాయని మసాచుసెట్స్ ఆర్థికవేత్తలు లెక్కగట్టారని చెప్పాను. "అవి నావి కావుగా" అన్నాడు. నిజమే. ఆయన్నీ ఆయన నేర్చిన పనినీ అవతలి ఒడ్డుకు చేర్చడానికి కూడా డబ్బు పక్కన పెట్టాలి. ఇన్నాళ్లూ ఆ ఖర్చు నా లెక్కలోకి రాలేదు.

నవంబర్ 13
నిన్న రాత్రి షట్‌డౌన్ ముగిసింది. 43 రోజులు. జూలై కోతలు మాత్రం అలాగే ఉన్నాయి. మా కాంగ్రెస్ సభ్యుడికి రాద్దామని వెబ్‌సైట్ తెరిచాను. ముందు విషయం ఎంచుకోమంది: రక్షణ, వలసలు, వ్యవసాయం, ఆరోగ్యం... ఒకటే ఎంచుకోవాలట. ఫుడ్ స్టాంపులు చూసేది వ్యవసాయ శాఖ కాబట్టి దాన్నే నొక్కాను. మొదటి వాక్యం మాత్రం ఫోర్ట్ బ్లిస్ పేరుతో మొదలుపెట్టాను.